జమ్ములో కట్టిన చీర పీలికలు

పట్నం అంచున, బార్కస్ అవతల మా చెరువు మధ్యలో చిన్న దిబ్బ ఉంది. దాని మీద ఒక పాత సమాధి. నా పెళ్లయిన కొత్తలో జనం మట్టికట్ట మీదుగా నడిచి వెళ్లి, మొక్కుకుని గుడ్డలు కట్టి వచ్చేవాళ్లు. ఒక వానాకాలం ఆ కట్ట కొట్టుకుపోయింది. ఆ తర్వాత బర్రెలకు గడ్డి కోసుకునే నేనూ మా తోటికోడలూ తప్ప అటు ఎవరూ పోలేదు.

గడ్డి కోతలో మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. నీటికోడి గూడు కనబడితే పక్కనున్న జమ్ముగడ్డికి చీర పీలిక కట్టాలి. గూట్లో పిల్లలు బయటికి వెళ్లేదాకా అక్కడ కొడవలి పెట్టకూడదు.

నిరుడు సర్కారు వాళ్లు దిబ్బకు మళ్లీ దారి వేస్తామని చెరువు గట్టున మ్యాప్ పెట్టారు. చదవమని తోటికోడలు నన్ను ముందుకు తోసింది. యాభై దాటాక బస్తీ బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. సరిగ్గా జమ్ము నడుమ ‘మొక్కుల స్థలం’ అని ఉంది. దారి గీత నేరుగా అక్కడికే పోయింది. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. కొలతలకు వచ్చినవాళ్లు మా పీలికలను చూసి మొక్కులనుకున్నారు. భక్తులకు మేలు చేద్దామని గూళ్ల మీదుగానే దారి గీశారు.

ఆ వారమే దారి వేయించే ఇంజనీరు గట్టు మీద మీటింగు పెట్టాడు. నేను లేచాను.

“సారూ, అవి మొక్కులు కావు. గూళ్లున్న కాడ మేం కట్టుకున్న గుర్తులు.”

“పిట్టలకు గూడ మొక్కుతున్నవా అక్కా?” అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. మ్యాప్ మార్చాలంటే రాసివ్వాలన్నాడు. అంతటితో నేను కూర్చుంటాననుకున్నాడేమో.

“కాయితం ఇయ్యి సారూ,” అన్నాను.

అక్కడే కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. జమ్ము లేని బండల వైపు నుంచి దారి వేస్తే మనుషులూ పోవచ్చు, గూళ్లూ ఉంటాయని రాశాను. నా చేత్తో రాసిన మొదటి అర్జీ అది. మర్నాడు ఆయన ప్యాంటు మడిచి మాతో నీళ్లలోకి దిగాడు. పీలిక పక్కన జమ్ము పాయ తీసి గుడ్లు చూపించాను. ఆయన మ్యాప్ తీసి జమ్ము మీది గీత కొట్టేశాడు.

ఈ చలికాలం దారి తెరిచారు. అది బండల వైపు నుంచే పోతుంది. జమ్ములోకి ఎవరూ దిగకుండా కంచె కట్టారు. మొదటి రోజు జనం మధ్య ఒక ముసలమ్మ మోకాళ్లు పట్టుకుని నిలబడిపోయింది. ఎదురుగా కనబడే దిబ్బకు ఇంత చుట్టుదారి ఎవరు పెట్టించారని కోప్పడింది.

మా తోటికోడలు నన్ను చూపించింది. “ఇగో, ఈమెనే. సర్కారు దారినే మలిపింది.”

నేను కాదనలేదు. “నేనే అమ్మా. రా, మెల్లగ పోదాం,” అని ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను.