దాదీ ఎందుకు తిరిగివచ్చింది

నా చిన్నప్పుడు, 1986 నవంబరు 7, శుక్రవారం ఉదయం ఏడున్నరకు, మా దాదీని, అంటే నాన్నమ్మను, ఆత్మకూరులో హైదరాబాదు బస్సెక్కించాము. నాకు పదకొండేళ్లు. ఆమె రెండు కళ్లలోనూ శుక్లాలు. మూడోనాడు ఆపరేషన్ చేయించుకోకుండానే తిరిగివచ్చింది.

ఎందుకో చెప్పలేదు. కత్తికి భయపడిందని మేమే తేల్చేశాము. ఆరుగురిని కన్నదానికి సూదంటే వణుకేమిటని మా చిన్నాన్న, చాచా, ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. మొదట గోడలు తడుముకుంటూ నడిచింది. తర్వాత గొంతులను బట్టి మమ్మల్ని పోల్చుకుంది.

1988 జనవరి 11, సోమవారం, ఎడమ కంటి నొప్పి భరించలేకపోతుంటే కృష్ణ దాటి రాయచూరు తీసుకుపోయాము. అక్కడ ఒక చిన్న కంటి దవాఖానలో డాక్టరమ్మది మా వైపు తెలుగే. కళ్లు పరీక్షించి, మేమెవరమూ అడగని మాట అడిగింది.

"ఇన్నొద్దులు దేనికి వెనుకాడినవమ్మా?"

"హైదరాబాదుల తల వంచొద్దు, మొకానికి నీళ్లు తగలొద్దన్నరు. నలభై దినాలు నమాజు బంద్ పెట్టమన్నరు. అన్ని దినాలు అల్లా ముందట నిలవడకుంటె నేనేం మనిషిని బిడ్డా?"

"బంద్ ఎందుకు? కుర్చీల కూసొని చేసుకో."

నిలబడగలిగిన మనిషి కూర్చుని చేస్తే చెల్లదని దాదీ అనుమానం. డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. ఇలాగే ఆపరేషన్ వద్దని వెళ్లిపోయిన వాళ్లను చూసి, పక్క మసీదు ఇమాం సాబుతో ఉర్దూలో రాయించి పెట్టుకుందట. నేనే చదివి వినిపించాను. రోగి కూర్చుని, సైగతో నమాజు చేయవచ్చు. నమాజుకు ముందు ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్ల బదులు శుభ్రమైన పొడి మట్టి చాలు. దాదీ రెండుసార్లు చదివించుకుంది.

పెద్ద దవాఖానలు హైదరాబాదులోనే ఉన్నాయని, అక్కడికే పోదామని చాచా పట్టుబట్టాడు.

"నువ్వు పో. నేను ఈడనే చేయించుకుంట," అంది దాదీ.

పడమటికి తిప్పిన కుర్చీలో కూర్చుని ఆమె ఒక్క పూట నమాజు కూడా తప్పలేదు. కుడి కంటికి చూపు వచ్చింది. ఎడమ కంటిలో నరం అప్పటికే చచ్చిపోయింది.

ఆ కాగితంలోని మాట మా ఊరి మసీదులోనూ దొరికేది. ఏం అడగాలో మాకు తెలియలేదు, ఎందుకంటే దాదీని మేము అడగలేదు. ఇప్పటికీ ఏ దవాఖానకు పోవాలో అడగడానికి ఎవరైనా నా దగ్గరికి వస్తే, ఊరి పేరు చెప్పేముందు, అక్కడ ఏది ఆగిపోతుందని భయమో రోగినే అడుగుతాను.

మాకు పోయినవి: పద్నాలుగు నెలల నాలుగు రోజులు. దాదీ ఎడమ కన్ను. ఆ మధ్యలో పుట్టిన మా తమ్ముడి పసితనపు ముఖం, ఆమె చూడనిది.