చప్పుడు లేని వాటా

శిశు సంక్షేమ కార్యాలయం తరఫున ఇళ్ళు చూసివచ్చే ఉద్యోగినిని అందరూ ‘ఆరాలక్క’ అంటారు. ఏ గుమ్మంలో అడుగుపెట్టినా, పొయ్యి మీద ఏముందో, అలమారా వెనక ఏముందో తెలుసుకోనిదే ఆవిడకు కాలు కదలదు.

ఒకసారి ఓ విచిత్రమైన ఫిర్యాదు వచ్చింది. మేడమీది వాటాలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇద్దరు తల్లిలేని ఆడపిల్లల గొంతే బయటికి రావడం లేదనీ, ముసలావిడ వాళ్ళనేం భయపెడుతోందో ఏమోననీ పక్కింటావిడ ఫోను చేసింది.

“అనుమానంగా ఉంటే పిల్లల్ని హాస్టల్లో చేర్పిద్దాం,” అన్నాడు ఆఫీసరు.

“ముందు నన్ను చూసి రానివ్వండి సార్. పిల్లలు అల్లరి చెయ్యట్లేదని ఫిర్యాదు రావడం ఇప్పుడే వింటున్నా!” అంటూ బయల్దేరింది.

పెద్దపిల్ల తలుపు తీసింది. ఇల్లు అద్దంలా ఉంది. వంటగదిలో అమ్మమ్మ ఇటు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. చిన్నపిల్ల నోరు విప్పకుండా లైటు ఆర్పి వెలిగించింది. ముసలావిడ చటుక్కున వెనక్కి తిరిగింది. చిన్నది బుగ్గ మీద వేలు పెట్టి, గుమ్మం వైపు చూపించింది.

ఆరాలక్కకు ఉండబట్టలేదు. “ఏమిటమ్మా ఆ సైగ?”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. “కొత్తవాళ్ళొచ్చారని,” గొణిగింది పెద్దది. “అమ్మమ్మకి వినబడదండీ. తెలిస్తే మమ్మల్ని తీసుకెళ్ళిపోతారని ఎవరికీ చెప్పలేదు.”

“మీకు వినబడుతుందిగా? మీలో మీరైనా మాట్లాడుకోరేం?”

“మేం మాట్లాడుకుంటుంటే అమ్మమ్మ బిక్కమొహం వేసుకుని చూస్తుందండీ.”

ఆరాలక్క మంచం వైపు చూసింది. “మరి నిద్రలో చెల్లికి జ్వరమొస్తే అమ్మమ్మకెలా తెలుస్తుంది?”

పెద్దది ఆ ప్రశ్నను చేతులతో అడిగింది. ముసలావిడ నవ్వి, మంచం కోడుకు చుట్టిన దారం విప్పి చూపించింది. ఒక కొస చిన్నదాని మణికట్టుకు, రెండోది తన మణికట్టుకు. “గాలమేసుకుని పడుకుంటానమ్మా, చేప లాగితే లేస్తా!” అంది బిగ్గరగా.

ఆకలికో సైగ, కోపానికో సైగ. ఆరాలక్క సాయంత్రందాకా కూర్చుని నేర్చుకుంది. పక్కింటావిడకూ ఒకటుంది: చెవికి అరచెయ్యి ఆనించి గోడకు వాలడం. అది చూసి ఆరాలక్క పడీపడీ నవ్వింది.

మర్నాడు ఆఫీసర్నే వెంటబెట్టుకొచ్చింది. ఆయన దారం లాగి చూశాడు. హాస్టలు మాట మళ్ళీ ఎత్తలేదు సరికదా, అమ్మమ్మకు చెవి మిషను ఇప్పించాడు.

చిన్నదాని గొంతు ఎలా ఉంటుందో అమ్మమ్మ మొదటిసారి విన్నది అప్పుడే. ఏడ్చేసింది. మూడోనాటికి పిల్లలిద్దరూ దుప్పటి కోసం కేకలేసుకుంటుంటే, “అబ్బబ్బ, ఎంత గయ్యాళులే మీరు!” అని మిషను తీసి పక్కన పెట్టి, హాయిగా కునుకు తీసింది.