బయ్యారం రాయి

నా గుండె మీద ఇన్నేళ్లుగా ఒక బరువుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరుగరు.

యూనివర్సిటీలో నా పని లెక్చరర్లకు పాఠం చెప్పడం నేర్పడం. జనగామ నుంచి భూపాలపల్లి దాకా కాలేజీలు తిరిగి, వెనక బెంచీలో కూర్చుని చూసి, తప్పొప్పులు చెప్పేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మహబూబాబాద్ వైపు ఒక కాలేజీకి వెళ్తే సమ్మె, గేటుకు తాళం. పిల్లలంతా నిరసనగా రోడ్డు మీదే వండుకునే వంటావార్పులో ఉన్నారు. అక్కడే, పొయ్యి పక్కన, గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన కాంట్రాక్టు లెక్చరర్ ఒకామె ఎకనామిక్స్ చెబుతోంది.

"గీ రాయి ఎవలది?" అని పక్కనే ఉన్న బయ్యారం గనుల ఇనుపరాయిని ఒక పిల్ల చేతిలో పెట్టింది. రాయి ఎవరి చేతికొస్తే వాళ్లు తండా మనిషిగానో, కాంట్రాక్టరుగానో, సర్కారుగానో వాదించాలి. అన్నం ఉడికేలోపు పిల్లలు పోట్లాడి పోట్లాడి పాఠమంతా వాళ్లే తేల్చుకున్నారు. పొగలో కళ్లు తుడుచుకుంటూ చూశాను. అంత మంచి పాఠం నా సర్వీసులో చూడలేదు. వచ్చేటప్పుడు ఆ రాయి అడిగితే సంతోషంగా ఇచ్చింది.

తర్వాత ఆ పాఠాన్ని నా పద్ధతిగా రాసి సదస్సులో చదివాను. ఆమె పేరు మరిచిపోయానా? లేదు. ఒకసారి రాసి, కొట్టేశాను.

సమ్మె అయ్యాక, ఆ రోజుల్లో పాఠాలు చెప్పలేదని కాలేజీ ఆమె కాంట్రాక్టు ఆపేసింది. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు కండ్లార చూసిన్రు గదా. నేను పాఠం చెప్పిన అని మా ప్రిన్సిపాల్ సారుకు ఒక్క మాట చెప్పుండ్రి."

"నేను జూసింది వంటనే గదమ్మా. పాఠం ఏడ జూసిన?"

"సరే సార్. ఆ రాయినన్న ఇయ్యిండ్రి."

"ఏడనో పోయింది," అన్నాను. రాయి నా సొరుగులోనే ఉంది.

ఎందుకలా అన్నాను? సమ్మెలో నేనూ నిలబడ్డానని తెలిస్తే ఉద్యోగానికి ముప్పని భయపడ్డానంటూ చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది కాదు. ఆమె అక్కడ పాఠం చెప్పిందని ఒప్పుకుంటే, నేను చదివిన పద్ధతి ఎవరిదో బయటపడుతుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో భూములున్న ఇంట పుట్టినవాణ్ణి, తండా పిల్లకు ఇంత తెలివా అన్న కుళ్లు కూడా ఉందా? ఉంది. సిగ్గుగా ఉంది ఇది రాయడానికి.

రాష్ట్రం వచ్చింది. మన కొలువులు మనకే అని వేదికల మీద నేనూ గొంతు చించుకున్నాను. ఆ పాఠం మీదే పెద్ద పదవికి ఎక్కాను. భూపాలపల్లి శిక్షణలో ఒక కుర్ర లెక్చరర్, ఈ ఉపాయం మీకెట్లా తట్టిందని అడిగితే, దొంగకు తేలు కుట్టినట్టయింది. అనుభవం అన్నాను. ఆమె మిర్చి ఏరే కూలికి పోయిందని ఎవరో చెప్పారు. నేను వెతకలేదు.

క్షమించమని అడగను. అడగవలసింది మిమ్మల్ని కాదు. రాయి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ పాఠం నాది కాదు, సునీతది. ఈసారి పేరు కొట్టెయ్యలేదు.