కోర్టు మీద అయిదుగురు: కరుణ ఆంటీ లెక్క

ఆ శనివారం హాస్పిటల్ కారిడార్లో ఉన్నవాళ్లు, ఉన్నవి: నీలం జెర్సీల్లో మేం తొమ్మిది మంది, కరుణ ఆంటీ భర్త జోసెఫ్ అంకుల్, వాళ్లమ్మాయి గ్రేస్, ఒక బైబిల్, రెండు బంతులున్న సంచి, ఎవరూ ముట్టని టీ కప్పులు నాలుగు. ఒంటిగంటకి మాకు మ్యాచ్ ఉంది. పన్నెండుంబావుకి డాక్టరమ్మ బయటికొచ్చి, ఆంటీ గుండె ఆగిపోయిందని చెప్పింది. ముందురోజు సాయంత్రమే నాకు ఫోన్ చేసి "రేపు ఎంతమందిరా?" అని అడిగిన మనిషి. "తొమ్మిది ఆంటీ" అన్నాను. "అయితే నిశ్చింత" అన్నారు. నాతో ఆవిడ చివరి మాట అదే.

మెయ్‌నూత్ కెనాల్ స్టార్స్ పేరు విననివాళ్లకి చెప్పాలి. ప్రాంతీయ బాస్కెట్‌బాల్ లీగ్‌లో అట్టడుగు డివిజన్ మాది. డబ్లిన్ చుట్టూ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నెలకొకటి లేస్తున్న రోజుల్లో, ఒకే అద్దె ఇంట్లో ఉన్న అయిదుగురు తెలుగువాళ్లు పెట్టిన జట్టు. వానలో తడిసిన ఆరుబయట కోర్టులో ఆడుతుంటే, డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సమ్మ కారాపి అద్దం దించిందట. "ఆ పాసేంటయ్యా, పార్సిల్ పడేసినట్టు? చేతికియ్యి." గుంటూరు నర్సింగ్ స్కూల్ జట్టులో ఆడిన మనిషి. ఆవిడే కరుణ ఆంటీ. మరుసటి వారానికి మా మేనేజరు. మేనేజరు కావాలని ఎవరూ అడగలేదని మా కెప్టెన్ శ్రీధర్ ఇప్పటికీ అంటాడు.

లీగ్‌లో ఒక నియమం ఉంది. మొదలవ్వాల్సిన టైము దాటి పావుగంటలోపు అయిదుగురు కోర్టు మీద లేకపోతే, ఆడకుండానే ఓడినట్టు. ఒకే సీజన్లో రెండుసార్లు అలా జరిగితే జట్టుని తీసేస్తారు. ఆఫీసు నుంచి ఎప్పుడు పిలుపొస్తుందో తెలియని మాకు అసలు ప్రత్యర్థి ఆ నియమమే. అందుకే ప్రతి మ్యాచ్‌కి ముందు ఆంటీ పెన్నుతో మా భుజాలు తట్టి లెక్కపెట్టేవారు. "గెలవడం మన చేతుల్లో లేదు. అయిదుగురుండడం మన చేతుల్లో ఉంది."

ఏటా లీగ్‌కిచ్చే జట్టు ఫారంలో పన్నెండు పేర్లూ నింపేవారు. పన్నెండోది నాది. "ఆంటీ, నేను స్కోర్లు రాసేవాణ్ణి. నాకు బంతి కొట్టడం కూడా రాదు" అన్నాను.

"ఫారంలో అదెక్కడ అడిగారు? సంతకం పెట్టు."

మూడేళ్ల కిందట నేను చేసిన తప్పు ఇక్కడ రాయాలి. ఫ్లూ వల్ల అప్పటికే ఆ సీజన్లో ఒక మ్యాచ్ ఆడకుండా పోగొట్టుకున్నాం. తర్వాతి మ్యాచ్‌కి ఆహ్వానం నేను ఆఫీసు లాప్‌టాప్ నుంచి పంపాను. అది అమెరికా క్లయింట్ టైములో ఉంది. ఒంటిగంట మ్యాచ్ అందరి ఫోన్లలో సాయంత్రం ఆరు అయి కూర్చుంది. పన్నెండున్నరకి హాల్లో అవతలి జట్టు పదిమంది, రెఫరీ డెక్లన్, మావైపు నేను, ఆహ్వానాలు ఎప్పుడూ తెరవని శ్రీధర్, ఫ్రిజ్ మీద అంటించిన మ్యాచ్‌ల కాగితం చూసుకుని వచ్చిన ఆంటీ.

నేను టైమ్ జోన్ గురించి వివరించబోయాను. "కారణం తర్వాత చెబ్దువుగాని. ముందు ఫోన్ తియ్యి."

దగ్గరున్నవాళ్లకి ఆవిడ, దూరమున్నవాళ్లకి నేను. ఒకడు సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ వదిలేసి వచ్చాడు. ఒకడు సోఫాలోంచి చెప్పులతోనే వచ్చాడు. కిరణ్ సెలూన్ కుర్చీలోంచి లేచి, ఒకవైపే కత్తిరించిన జుట్టుతో వచ్చాడు. ఒంటిగంటా పదమూడుకి నలుగురు. డెక్లన్ వాచీ చూసి "టూ మినిట్స్, కరుణ" అన్నాడు. ఆంటీ నా చేతిలోంచి స్కోర్‌బుక్ లాక్కుని, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే గోడ బీరువా తలుపు తీసి, అందులోంచి పదిహేనో నంబరు జెర్సీ నా మీదికి విసిరారు.

"నేనా ఆంటీ?"

"బంతొస్తే నీలం చొక్కాకియ్యి. రాకపోతే చేతులెత్తి నిలబడు."

డెక్లన్ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఫైవ్. గ్రాండ్." ఇక్కడ గ్రాండ్ అంటే సరే అని. విజిల్ వేశాడు.

మొదటి సగమంతా నేను ఆడాను. పాయింట్లు సున్నా, పాసులు మూడు, ఫౌళ్లు నాలుగు. విరామంలో మరో ఇద్దరొచ్చి నన్ను కూర్చోబెట్టారు. అర నిమిషం ఉందనగా స్కోరు సమం. ఒక్క పాయింటుతో ఓడాం. ఆంటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆడి ఓడాంరా. ఆ లెక్క వేరు." జట్టు లీగ్‌లో నిలిచింది.

ఆవిడ పోయిన రోజున మేం కోర్టుకి వెళ్లలేదు. ఈ సీజన్లో ఆడకుండా ఓడిన మొదటి మ్యాచ్ అదే. ఆవిడకి మాటొచ్చే స్థితి ఉంటే "నా చుట్టూ తొమ్మిది మందెందుకురా, అయిదుగురు అక్కడుండాలి" అని కారిడార్లోంచి తరిమేవారు. గురువారం సమాధి కార్యక్రమం. మళ్లీ శనివారం మ్యాచ్. ఇంకొక్కసారి జరిగితే జట్టే లేదు.

ఈసారి నేను ఆహ్వానం పంపలేదు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఆవిడ అడిగే మాటే నేను అడగాలి. పన్నెండున్నరకి హాల్లోకి వెళ్లేసరికి టేబుల్ దగ్గర గ్రేస్ కూర్చుని ఉంది. "బుక్ నేను రాస్తా. యూ కౌంట్ దెమ్" అంటూ వాళ్లమ్మ పెన్ను నాకిచ్చింది. స్కోర్లు రాసే నా కుర్చీ నిండింది. కారాపి మా పాసు తప్పని చెప్పగల మనిషి మాత్రం మాకు మళ్లీ దొరకదు. పిలవకుండానే వచ్చి నిలబడ్డ మావాళ్ల భుజాలు వరసగా ఒక్కొక్కటే తట్టుకుంటూ వచ్చాను. ఫారంలో లాగే ఆఖరున నాది.

పన్నెండు.