కుడికాలి చెప్పు

నిన్న బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగుతుంటే నా కారు ముందు చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన వచ్చింది. పక్కన కూర్చున్న మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. వేడెక్కిన బ్రేకు వాసన అది. డెబ్బైల మధ్యలో, నా ఇరవై నాలుగో ఏట, గవర్నర్‌పేటలోని ఓ మోటారు సామాన్ల కొట్లో ఆ వాసన మధ్యనే అన్నం తిన్నాను, కునుకు తీశాను. ఆ బ్రేకు దుమ్ము ఒంటికి మంచిది కాదని అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఆ కొట్టు యజమానురాలు కోటేశ్వరమ్మ గారు.

భర్త పోయాక చుట్టాలందరూ కొట్టు అమ్మేయమని సలహా ఇచ్చారట. ఆవిడ వాళ్లందరికీ కాఫీలిచ్చి పంపించి, వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. కారు నడపడం ఆవిడకు రాదు. అయినా ఏ కారుకు ఏ బ్రేకు లైనరు వెయ్యాలో ఆవిడలా చెప్పగలిగినవాళ్లు బెజవాడలో లేరు. లైనరంటే చక్రం లోపల డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే ముక్క. మా దగ్గర రెండు రకాలుండేవి. గట్టిది ఏళ్ల తరబడి అరగదు, కానీ కాలి బలమంతా పెట్టి తొక్కాలి. మెత్తది త్వరగా అరిగిపోతుంది, కానీ కాలు ఆనించగానే పట్టుకుంటుంది.

చిక్కంతా ఆ మాటలతోనే వచ్చింది. మా జిల్లాలో గట్టి అనే మాటకున్న గౌరవం ఇంతా అంతా కాదు. గట్టి మనిషి, గట్టి సంబంధం, గట్టి సరుకు. మెత్తన అంటే చేతగానివాడని అర్థం. మా ఇంట్లో నా గురించి మాట్లాడేటప్పుడు ఆ మాటే వాడేవారు కాబట్టి అందులోని బాధ నాకు బాగా తెలుసు. మీసమున్న ఏ మగవాడూ కొట్టుకొచ్చి మెత్తది ఇవ్వమని అడిగేవాడు కాదు.

దానికి కోటేశ్వరమ్మ గారు ఒక పద్ధతి కనిపెట్టారు. వచ్చిన మనిషి కుడికాలి చెప్పు చూసేవారు. బ్రేకు బలంగా తొక్కేవాడి చెప్పు ముందు భాగం అరుగుతుందని, బరువంతా మడమ మీదే వేసేవాడికి మడమ అరుగుతుందని ఆవిడ సిద్ధాంతం. మొదటివాడికి గట్టిది, రెండోవాడికి మెత్తది. నేను చేరిన రోజునే ఓ ప్లీడరు గారు వచ్చారు. "ఆయన్ని చెప్పు తియ్యమను," అన్నారు ఆవిడ లోపలి నుంచి. నేను వెళ్లి, చేతులు కట్టుకుని, "చెప్పు తీయండి సార్," అన్నాను. ఆయన నన్ను కిందనుంచి మీదాకా చూశారు.

"నన్ను చెప్పు తియ్యమన్నవాడివి నువ్వేనయ్యా మొదటివాడివి. తీశాక ఊరుకుంటానా?"

ఆ తర్వాత ఆ మాట అనడానికి నాకు నోరు పెగిలేది కాదు. ఆవిడే అనేవారు. ఆవిడ అంటే ఎంతటివాళ్లైనా కిక్కురుమనకుండా తీసేవారు.

ఒకసారి ఆవిడ గుడివాడలో పెళ్లికి వెళ్లారు. కొట్లో నేనొక్కణ్నే ఉన్నాను. కంకిపాడు అవతలి ఊరి నుంచి రాఘవయ్య గారని ఓ పెద్ద రైతు, డెబ్బై ఏళ్లుంటాయి, అంబాసిడర్ తనే నడుపుకుంటూ వచ్చారు. "గట్టిది పడెయ్యవయ్యా. మా ఇంటావంటా మెత్తది లేదు," అన్నారు మీసం సవరిస్తూ. చెప్పు తీయండి అనాలి. నాలిక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. గట్టిదే ఇచ్చాను. మా మెకానిక్ అప్పటికప్పుడే బిగించేశాడు.

మూడో రోజున ఆవిడ వచ్చి ఎవరెవరు వచ్చారని అడిగారు. చెప్పాను.

"చెప్పు చూశావా?"

"లేదండి."

"ఆయన రోజూ కాలవగట్టు మీద తిరుగుతాడురా. బండి ఆగకపోతే ఎక్కడ తేలతాడో తెలుసా?" అంటూనే ఆవిడ మెత్తని లైనర్ల డబ్బా తీసి సంచిలో పెట్టారు. మెకానిక్‌ను, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. కిటికీలోంచి కాలవ కనిపించినప్పుడల్లా నీళ్లలో అంబాసిడర్ కోసం వెతుక్కున్నాను.

రాఘవయ్య గారు అరుగు మీద నిక్షేపంగా కూర్చుని ఉన్నారు. కారు మాత్రం గడ్డివాములో, ముందు అద్దాల దాకా దూరిపోయి ఉంది. రెండు గేదెలు దాని చుట్టూ చేరి తీరిగ్గా గడ్డి మేస్తున్నాయి.

"ఎండగా ఉందని నేనే అక్కడ పెట్టాను చెల్లెమ్మా," అన్నారాయన.

"అవునమ్మా, వాముని పడగొట్టి మరీ పెట్టారు," అంది ఆయన భార్య తలుపు చాటు నుంచి.

కోటేశ్వరమ్మ గారు నవ్వలేదు. "చెప్పు తీయండి అన్నయ్యగారూ," అన్నారు. వాకిట్లో పాలేళ్లు చేస్తున్న పని ఆపేశారు. ఆయన ముఖం కందిపోయింది. వంగి తీసిచ్చారు. మడమ సగానికి అరిగిపోయింది, ముందు భాగం మాత్రం కొత్తదానిలా ఉంది.

"మీరు తొక్కుతున్నారు. కాలు తొక్కట్లేదు."

ఆయన పాలేళ్ల వైపు చూసి గొంతు తగ్గించారు. "పోయినేడు నుంచి తిమ్మిరమ్మా. ఇంట్లో చెప్తే కారు తాళం లాక్కుంటారు. ఇంక ఈ అరుగే నాకు గతి."

"అందుకే మెత్తది తెచ్చాను. మెత్తది పట్టుకుంటుంది, గట్టిది పట్టించుకోదు. అయితే ఏడాదికే అరిగిపోద్ది. ఏడాదికోసారి వచ్చి నాకు చెప్పు చూపించాలి. నేను వద్దన్న రోజున తాళం వదినగారికిచ్చెయ్యాలి."

"మెత్తదని ఊళ్లో తెలిస్తేనో?"

"స్పెషల్ అని చెప్పండి."

మర్నాటి నుంచి మా కొట్లో మెత్తని లైనరు పేరు స్పెషల్ అయింది. మీసాలవాళ్లు స్పెషల్ కోసం ఎగబడ్డారు. ఆవిడ నన్ను తిట్టలేదు. "నువ్వు మెత్తనోడివని నాకు తెలుసు. ఈసారి అడగాల్సింది అడిగి మెత్తగా ఉండు," అన్నారంతే. ఆ మాట నాకు తిట్టులా వినిపించకపోవడం అదే మొదటిసారి. రాఘవయ్య గారు రెండేళ్లు మాట ప్రకారం వచ్చి చెప్పు చూపించి వెళ్లారు. మూడో ఏడు బస్సులో వచ్చారు. "ఈసారి లైనర్లు వద్దులే చెల్లెమ్మా," అని, అలవాటుగా చెప్పు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ దాన్ని చూడకుండానే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

ఈ ఉదయం కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు లైనర్లు కావు, ప్యాడ్లు. "మెటల్ కలిసినవి వేద్దామా సార్? గట్టిగా ఉంటాయి. మెత్తవైతే త్వరగా అరిగిపోతాయండి," అన్నాడతను. గట్టివే అనబోయాను. నా కుడి మోకాలు రెండేళ్లుగా నా మాట వినడం లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. వంగి నా చెప్పు తీసి చూశాను. ముందు భాగం కొత్తదానిలా ఉంది.

"మెత్తవే వెయ్యి బాబూ," అన్నాను, అందరికీ వినపడేలా.

"షెడ్డులో ఆ చెప్పు తీయడమేమిటండీ?" అంది మా ఆవిడ. చెప్పు ఆవిడ చేతికిచ్చి, మోకాలి సంగతి, కోటేశ్వరమ్మ గారి పద్ధతి చెప్పాను. ఏడాదికోసారి నువ్వే చూడాలి, నువ్వు వద్దంటే మానేస్తాను అన్నాను. ఆవిడ చెప్పును అటూ ఇటూ తిప్పి చూసి, రెండో చెయ్యి చాపింది.

జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాను.