పది డిగ్రీలకు ముందు

ఆరేళ్ల కిందటి మాట. ఆబిడ్స్‌లో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ఎక్స్‌ఆర్‌డీ మెషీన్ నా చేతి కింద ఉండేది. పొడి మీదికి ఎక్స్‌రేలు పంపి, లోపల అమరిక వరుసగా ఉందో, చిందరవందరగా ఉందో చెప్పే యంత్రమది. వరుస ఉంటే గ్రాఫ్‌లో పీక్, అంటే సూదిలాంటి మొన, లేస్తుంది. మాకు ఎక్కువగా మందుల పొడులు, సిమెంటు వచ్చేవి. పది డిగ్రీల కోణం నుంచి ఎనభై దాకా స్కాన్ చేసి కాగితం చేతిలో పెట్టేవాణ్ణి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

మమత అనే రీసెర్చ్ స్కాలర్ కొత్తగా చేసిన పొడితో మూడోసారి వచ్చింది. ఆమె సర్ఫాక్టెంట్‌తో సిలికా పొరలు తయారుచేస్తోంది. సర్ఫాక్టెంట్ అంటే సబ్బు జాతి పదార్థం. నీళ్లలో దాని అణువులు ఎవరూ పేర్చకుండానే వాటంతటవే బారులు తీరతాయి. ఆ బారుల మధ్య సిలికా గట్టిపడితే మడతకాజాలా పొర మీద పొర వస్తుంది. రావాలి. నేను మాత్రం రెండుసార్లూ "క్రమం లేదు" అని రాసిచ్చాను.

"ఈసారి గూడ రాకుంటే టాపిక్ ఇడిచిపెట్టమన్నరు మా గైడ్ సారు. రెండేండ్ల పని సార్," అంది.

మళ్లీ అదే గ్రాఫ్ వచ్చింది. మధ్యలో వెడల్పాటి ఉబ్బు ఒకటి, అంతే. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"సార్, గిది పది కాడికెల్లి ఎందుకు షురువైతది? గంతకుముందు ఏముంటది?"

"ఏముంటదమ్మా, ఏం ఉండదు," అన్నాను విసుగ్గా.

"మీరు చూసిన్రా?"

చూడలేదు. అప్పటికి పన్నెండేళ్ల నా సర్వీసులో ఒక్కసారీ చూడలేదు. పొరల మధ్య దూరం పెరిగేకొద్దీ పీక్ చిన్న కోణానికి జరుగుతుందని చదువుకున్నవాణ్ణే. అలవాటు ఆ చదువును మింగేసింది. ఎక్స్‌రేలు వచ్చే దారిని ఇరుకు చేసే సన్న స్లిట్ బిగించి ఒక డిగ్రీ నుంచి మొదలుపెట్టాను. రెండు దాటగానే నిటారుగా ఒక పీక్ లేచింది. దానికి రెట్టింపు కోణం దగ్గర ఇంకొకటి, చిన్నది. పొరలకు అదే గుర్తు.

మమత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలోనే ఆగిపోయింది.

"అంటే ముందటి రెండు గూడ మంచిగనే ఉండెనా సార్?"

"ఉండొచ్చమ్మా. తప్పు పొడిది కాదు, నాది."

"గవి పారబోసిన సార్. మీరు రాసిచ్చిన్రు గదా అని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

కొత్త రిపోర్టు తీసుకుని ఆమె నాంపల్లి వైపు వెళ్లిపోయింది. టాపిక్ నిలిచిందని తర్వాత ఫోన్ చేసి చెప్పింది. "క్రమం లేదు" అని రాయడం నేను ఆ రోజుతో మానేశాను. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూశానో రాసి, "ఇంతలో కనబడలేదు" అంటాను. మాట పొడుగైందని మా ఓనర్ సణుగుతాడు. సణగనీ. నా కాగితాన్ని నమ్మి ఇంకెవరూ తమ కష్టాన్ని సింకులో పారబోసుకోకూడదు.