నాలుగు మడత చీటీలు

ధర్మవరం పట్టుచీరల బజారులో గోవిందప్ప నమ్మిన మనిషి ఇంకా పుట్టలేదని అంటారు. పాలవాడు వస్తే గిన్నెలో వేలు ముంచి చూస్తాడు. ఆటోవాడు చిల్లర ఇస్తే నోటును వెలుతురుకు పట్టి చూస్తాడు. పెళ్లినాడు తాళిబొట్టును సైతం గీటురాయి మీద గీయించాకే కట్టాడని ఆయన భార్య రంగమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి దెప్పుతూనే ఉంటుంది. అయ్యో పాపం అనుకునేరు, ఆయనకు ఆ మాటంటే ఒకింత గర్వమే.

ఊరికే రాలేదు ఆ గుణం. తాడిమర్రి నుంచి పదహారేళ్లకే వచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు. మంచి పట్టు అని ఎవరో అంటగట్టిన పోగును నమ్మి ఒక పెళ్లిచీర నేస్తే, అది ఇస్త్రీపెట్టె కింద ముద్దగా కరిగి అంటుకుపోయింది. పోగు అమ్మినవాడు పత్తా లేకుండా పోయాడు. దొంగ అన్న మాట మాత్రం నేసినవాడి నెత్తిన పడింది. ఆనాటి నుంచి గోవిందప్ప చొక్కా జేబులో అగ్గిపెట్టె లేకుండా బయటికి రాలేదు, బీడీ అలవాటు కూడా లేని మనిషి! ఏ చీర చేతికొచ్చినా ఓ పోగు తుంచి కాలుస్తాడు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. ముద్దకడితే ఇక ఆ నేతగాడి పని అయిపోయినట్టే.

మోకాళ్లు మొరాయించాక సావుకారి వెంకటప్ప కొట్లో చీరలు చెకింగ్ చేసే పనికి కుదిరాడు. అక్కడ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. నేతగాడి పేరు చీటీ మీద రాసి, పేరు కనబడకుండా లోపలికి మడిచి కొంగుకు పిన్ను పెట్టాలి. చీర మంచిదో కాదో తేల్చాకే గోవిందప్ప తన చేత్తో మడత విప్పి పేరు పైకి చదవాలి. ఎవరినీ నమ్మనివాడు తనను మాత్రం ఎందుకు నమ్మాలి అని ఆయన వాదన. బజారంతా మెచ్చుకుంది. కాకపోతే మడత విప్పకముందే పేరు తెలిసిపోయిన రోజులూ లేకపోలేదు. మొన్నటికి మొన్న నాగన్న తన చీరను తానే తెచ్చి బల్ల మీద పెడుతుంటే గోవిందప్ప చూశాడు. నాగన్న అంటే ఆయనకు మొదటినుంచీ అనుమానం. నేత పలచగా ఉందని చీరను పక్కన పడేశాడు. నాగన్న దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇక గోవిందప్ప కూతురు రంజిత. చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది, కాగితం మీద కాదు, ట్యాబ్ మీద. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న మేఘ కంపెనీ ట్యాబ్ అది. ఆమె గీసిన గీతను బట్టే మగ్గానికి తగిలించే జకార్డు అట్టలకు బెజ్జాలు పడతాయి, ఆ బెజ్జాలను బట్టే మగ్గం మీద పువ్వు లేస్తుంది. శ్రావణమాసం పెళ్లిళ్లకు కొత్త అంచులన్నీ ఆమె చేతే గీయిస్తానని వెంకటప్ప మాటిచ్చాడు. ఇన్నాళ్లూ చిల్లర పనులు చేసిన పిల్లకు అదే మొదటి పెద్ద పని.

సరిగ్గా అప్పుడే దాపురించాయి ఆ యాడ్లు. ఎవరి ఫోను తెరిచినా అవే. వజ్ర ప్యాడ్ కంపెనీ వీడియోలో ఒక అవ్వ చలికి వణుకుతూ మేఘ ట్యాబ్ ముందు చేతులు కాచుకుంటుంది. "ఇంకొంచెం వేడెక్కితే దీని మీదే రొట్టె కాల్చుకుందాం" అంటుంది. మనవరాలు దాని మీద గీత గీయబోతే ఆ గీత వానపాములా మెలికలు తిరుగుతుంది. మేఘ వాళ్లు ఊరుకుంటారా? వాళ్ల వీడియోలో ఇడ్లీ బండివాడు వజ్ర ప్యాడ్‌ను పాత్ర మీద మూత పెట్టి, "ఇన్నాళ్లకు దీనికో పని దొరికింది" అని చేతులు దులుపుకుంటాడు. ఛీ! కోట్లు పోసి ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడమే తప్ప, తమ సరుకులో ఏముందో చెప్పే నాథుడు లేడు.

వెంకటప్ప ఆ అవ్వను చూసి పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం ముడుచుకున్నాడు.

"గోవిందప్పా, మీ పాప గీసేది ఆ రొట్టెల పెనం మీదనే గదా? గీత వంకరపోతే అట్టలన్నీ చెడిపోతాయప్పా. హిందూపురంలో ఒక పిల్లోడు ఉండాడు, వాని దగ్గర వజ్ర ఉండాదంట. పని వానికిద్దామని చూస్తాండా."

గోవిందప్ప చేతిలోని చీర పక్కన పెట్టాడు. "యాడ్లోళ్ల మాట నమ్ముతావా సావుకారీ? ఇద్దరూ దొంగలే!"

"అయితే నువ్వే తేల్చు. హిందూపురంలో ట్యాబులమ్మే కొట్లో వజ్ర పీసు చూసేదానికి పెట్టినారంట. మీ పాపను రెండంచులు దాని మీద, రెండు మీ దాని మీద గీయమను. నీ మడత చీటీ పద్ధతే. నీ కన్ను ఏం చెప్తే అది. నీ కూతురని చూడొద్దు మళ్లా."

ఆ చివరి మాట గోవిందప్పకు ముల్లులా దిగింది. కూతురని చూస్తాడా ఆయన? చూడనని రుజువు చేస్తాడు. ఇంటికి పోగానే మొదలుపెట్టాడు.

"నిజం చెప్పు రంజితా. అది వేడెక్కుతాదా?"

"ఎండలో పెడితే నువ్వూ వేడెక్కుతావు నాయనా."

"గీత వణుకుతాదా అని అడుగుతాండా."

రంజిత ట్యాబ్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. సొంత నాయనే ఇలా అడిగితే ఎవరికైనా కడుపు మండదా?

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రైలెక్కారు. హిందూపురంలో ఆ కొట్టు యజమాని క్రాంతి కుమార్ రండి రండి అని ఎదురొస్తే, ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని గోవిందప్ప వాడిని ఎగాదిగా చూశాడు. లోపలికి మాత్రం పోలేదు. చెకింగ్ చేసేవాడు మగ్గం దగ్గర నిలబడకూడదని ఆయన పెట్టుకున్న ఇంకో నియమం. ఎదురుగా ఉన్న టీ బంకు బల్ల మీద కూర్చున్నాడు.

కొట్టు అద్దంలో రెండు పెద్ద తెరలు. ఒకదాంట్లో అవ్వ, ఇంకోదాంట్లో ఇడ్లీ బండివాడు. రెండు కంపెనీల తిట్లూ అమ్ముకునేవాడు ఒక్కడే! "చూసినావా దొంగ నా కొడుకులు" అని టీ పోసే ఆయనతో అన్నాడు. ఇడ్లీ బండివాడి తెర మీద ఎండ పడి సరిగ్గా కనబడలేదు. అవ్వ మాత్రం స్పష్టంగా కనబడింది. అవ్వ చేతులు కాచుకుంది, గీత మెలిక తిరిగింది. మళ్లీ అవ్వ, మళ్లీ మెలిక. గోవిందప్ప తిడుతూనే ఉన్నాడు, చూస్తూనే ఉన్నాడు. అలా గంటన్నర గడిచింది.

రంజిత బయటికొచ్చింది. ముఖంలో కళ లేదు. "నాయనా, ఆ వజ్ర..." అని ఏదో చెప్పబోయింది.

"చెప్పొద్దు!" అని గోవిందప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏది దేని మీద గీసినావో నాకు తెలియగూడదు. చీటీలు నువ్వే రాయి, నువ్వే మడువు."

రంజిత ఒక్క క్షణం నాయన ముఖంలోకి చూసి, "సరే, నీ ఇష్టం," అంది.

మరుసటి రోజు వెంకటప్ప కొట్లో బల్ల మీద నాలుగు అంచుల ప్రింట్లు, వాటికి నాలుగు మడత చీటీలు. వెంకటప్ప, రంజిత, పనివాళ్లు చుట్టూ నిలబడ్డారు. గోవిందప్ప భూతద్దం తీశాడు. హంసల అంచు చూశాడు, మామిడిపిందెల అంచు చూశాడు. తలూపి కుడివైపు పెట్టాడు. నెమళ్ల అంచు దగ్గర ఆగాడు. వంగాడు, ఇంకా వంగాడు.

"ఇదో, ఈడ వణుకు ఉండాది. మెడ దగ్గర." దాన్ని ఎడమవైపు పెట్టాడు. కోటకొమ్ముల అంచునూ దాని మీదే పడేశాడు. "ఈ రెండూ మేఘ పనే. కూతురని నేను చూడను సావుకారీ."

వెంకటప్ప నిట్టూర్చాడు. రంజిత తల దించుకుంది.

గోవిందప్ప ఎడమవైపు చీటీ విప్పాడు. "మేఘ." రెండోది విప్పాడు. "మేఘ." చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. ఏం కన్ను నీది అన్నారు. ఆయన మీసం కాస్త కదిలింది. కుడివైపు హంసల చీటీ విప్పాడు.

అందులోనూ మేఘ అని ఉంది.

ఆ అక్షరాలు ఆయన ఒక్కడికే కనబడుతున్నాయి. వజ్ర అనేస్తే చాలు. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటే అడిగే దిక్కు లేదు. ఆయన కన్ను మీద బజారుకున్న నమ్మకం చెక్కుచెదరదు. రంజితకు మాత్రం ఆ పని ఉండదు. వేళ్లు చీటీని మళ్లీ మడవబోయాయి.

"పైకి చదువు నాయనా," అంది రంజిత.

"మేఘ," అన్నాడు. నాలుగోది గబుక్కున చింపినట్టు విప్పాడు. "ఇదీ మేఘనే! ఏమే, నలుగురిలో నన్ను ఎర్రోన్ని చేస్తివా? మోసం చేస్తావా?"

"నేను ఉన్నదున్నట్టు రాసినా. ఆడ పెట్టిన వజ్ర మీద వేలు పెట్టినా పలకల్యా. గంట బతిమిలాడినా వేరేది ఇయ్యలేదు. నాలుగూ నా దాని మీదే గీసినా. చెప్పబోతే చెప్పొద్దంటివి."

వెంకటప్ప నమ్మక అక్కడికక్కడే హిందూపురానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "అది ఉత్త వీడియో ఆడేదానికి పెట్టిన పీసు సార్," అన్నాడు క్రాంతి కుమార్. "కొత్త దాని మీద గీయాలంటే దుడ్లు కట్టి సీలు తీయాల. మీ పాపకు అదే చెప్తి."

గోవిందప్ప నెమళ్ల అంచును మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. మెడ దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. ఎక్కడుంది వణుకు? గీత నున్నగా, తీర్చిదిద్దినట్టుంది. తన కూతురు గీసిన గీత. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేను చూసింది గీతను కాదు సావుకారీ," అన్నాడు చివరికి. "ఆ అవ్వను చూసినా."

వెంకటప్ప నవ్వలేదు. ఆ అవ్వను చూసి ముందు నవ్వింది తనే మరి. "పని పాపదే," అని మాత్రం అన్నాడు.

రంజిత ప్రింట్లు సర్దుకుంటోంది. గోవిందప్పకు ఆమె ముఖంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. పనివాడిని పిలిచి, మొన్న పక్కన పడేసిన నాగన్న చీర తెప్పించాడు. బల్ల మీద పరిచాడు. అలవాటుగా భూతద్దం ఎత్తి, మళ్లీ దించాడు.

"రంజితా, ఇట్ల రామ్మా. ఇది నువ్వు చూడు."

"నేనెందుకు నాయనా?"

"ఇది ఎవరిదో నాకు తెలుసు. నేను చూడగూడదు."

మగ్గం పక్కనే పెరిగిన పిల్ల. భూతద్దం అందుకుని కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా జానెడు జానెడు చూసింది. ఆయన అగ్గిపెట్టె కూడా ఆమెకే ఇచ్చాడు. పోగు కాలింది. వెంట్రుక కాలిన వాసన కొట్టంతా నిండింది.

"నేత ఒత్తుగానే ఉండాది నాయనా. ఏమీ పలచగా లేదు."

గోవిందప్ప చీర మడిచి చంకన పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి, నాగన్న ఇంటివైపు నడిచాడు.